తువ్వాలు కింద బేరం

చింతామణి నుంచి బాగేపల్లికి పోయే బస్సు మా మందిరం ముందర ఎప్పుడూ ఆగదు. ఎండలో చెయ్యెత్తి నిలబడిన పాస్టరును చూసినా ఆగదు. మొన్న ఆగింది. కండక్టరు మెట్టు మీది నుంచే, "సామీ, తువ్వాలాయన తెల్లారే పోయినాడంట. మద్దేనం ఎత్తుతారంట. మీకు చెప్పమన్న్యారు" అని కేకేసి విజిలు ఊదాడు. నేను లోపలికి పోయి చొక్కా మార్చుకుని సైకిలు తీశాను. దారి పొడుగునా ఏడుపు దిగమింగుకుంటూనే తొక్కాను. ఆయన చూస్తే, "ఏమి సామీ, ఎద్దును తక్కువకి అమ్ముకొన్నోని మాదిరి ఆ మొగమేంది?" అని నలుగురిలో నవ్వేవాడు. అది గుర్తొచ్చి ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

చింతామణిలో ఆయన వీధి నిండా జనం. ఎద్దుల వ్యాపారులు, పట్టుగూళ్ళ వాళ్ళు, బెల్లం మండీ వాళ్ళు. వాళ్ళకు కొంచెం ఎడంగా మా సంఘం వాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరూ పిలవలేదు, పనులు ఆపుకుని వచ్చేశారు. మా సంఘ పెద్ద, బడిపంతులు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ నా చెవి దగ్గరకు వంగి, "లెక్కంతా ఆయనతోనే పోయె కదప్పా" అన్నాడు. "పోనీండి మేష్ట్రూ, అది పోవాల్సిందే" అన్నాను. పంతులు నన్ను ఎగాదిగా చూశాడు. ఆ లెక్క ఏమిటో, అది ఆయనతో పోతే నాకెందుకు మనసు కుదుటపడిందో చెప్పాలంటే ముందు ఆ మనిషిని చూపించాలి.

పొట్టి మనిషి. నుదుట నిలువు నామం, చెవులకు పోగులు, ఎడమ భుజం మీద ఎర్రంచు తువ్వాలు. ఎద్దుల సంతలోనూ పట్టుగూళ్ళ బేరాల్లోనూ ఆయన దళారి. మా వైపు సంతలో ధర నోటితో చెప్పరు. దళారి తన కుడిచేతి మీద తువ్వాలు కప్పుకుంటాడు. అమ్మేవాడు దాని కింద చెయ్యి దూర్చి ఆయన వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పడితే అంత ధర. తరువాత కొనేవాడు అట్లాగే తన మాట చెబుతాడు. ఇద్దరికీ కుదిరేదాకా ఆ చెయ్యి అటూ ఇటూ తిరుగుతుంది. చుట్టూ నూరుమంది ఉన్నా ఆ తువ్వాలు కింద ఏం జరిగిందో ఆ ముగ్గురికి తప్ప తెలియదు. మిగతా దళారులు బేరం కుదిరాక కాఫీ హోటల్లో నోరు జారేవాళ్ళు. ఈయన ఒక్కనాడూ జారలేదు. అందుకే ఆంధ్ర నుంచి ఎడ్లు తోలుకొచ్చేవాళ్ళు కూడా "తువ్వాలాయన యాడ?" అని అడుగుతూ వచ్చేవాళ్ళు. అసలు పేరు ఆయన ఇంట్లో వాళ్ళకైనా గుర్తుందో లేదో.

ఆ పని ఒళ్ళంతా పట్టేసింది ఆయనకు. జన్మలో ఎవరికీ వేలు పెట్టి ఏదీ చూపించలేదు. వేళ్ళు వ్యాపారానికి, దారి చూపడానికి గడ్డం. చాకవేలు అనే ఊరికి ఎట్లా పోవాలని అడిగితే గడ్డం ఎత్తి చూపించేవాడు. ఆ గడ్డం కొంచెం ఎడమకు వంకర. దాన్ని నమ్ముకుని బయలుదేరిన పరాయి ఊళ్ళవాళ్ళు ఎందరు ఎక్కడో పడమటి తొండేభావిలో తేలారో దేవుడికే ఎరుక. ఇక నోటితో అంకె పలకడమంటే ఆయనకు పచ్చి బూతు పలకమన్నట్టే. జనాభా లెక్కలకు వచ్చిన కన్నడం మేష్ట్రు, "మనెయల్లి ఎష్టు జన?" అని అడిగాడట. ఇంట్లో ఎంతమంది అని. ఈయన గంభీరంగా తువ్వాలు తీసి ఆ మేష్ట్రు చేతి మీద కప్పి లోపల వేళ్ళు పట్టుకున్నాడు. ఆ పిల్ల మేష్ట్రు ఏదో మంత్రం వేస్తున్నాడనుకుని చెయ్యి లాక్కుని వీధిలోకి దూకాడు. లోపలి నుంచి ఆయన భార్య అరిచి చెప్పబట్టి సర్కారు లెక్క తప్పిపోలేదు.

ఇట్లాంటి మనిషికి, నుదుట నామం పెట్టుకునే ఎద్దుల దళారికి, లూథరన్ పాస్టరునైన నాకు ఏం సంబంధం? నన్ను పాస్టరును చేసినవాళ్ళలో ఆయన ఒకడు. నా మటుకు నాకు ఆయనే మొదటివాడు.

మాది చిన్న సంఘం. కూలిపనులు వెతుక్కుంటూ, పెళ్ళిళ్ళతో, ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇక్కడే నిలబడిపోయిన కుటుంబాలు కొన్ని, ఈ ఊళ్ళలోనే చేరినవి కొన్ని. చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మూడింటికీ కలిపి ఒకే పాస్టరు. ఆయన నెలకొకసారి వచ్చి పోయేవాడు. మిగతా ఆదివారాలు బడిపంతులే ప్రార్థన నడిపేవాడు. పిల్ల పుడితే బాప్తిస్మానికీ, మనిషి పోతే మట్టి ఇవ్వడానికీ మాకు ఎదురుచూపే. మనలోంచి ఒకడు గురువు కావాలని పెద్దలు తీర్మానించి నన్ను ఎంచుకున్నారు. పాడగలను, చదవగలను. పైగా అప్పటికి నాకు వేరే పనేమీ లేదు.

పాస్టర్లను తయారుచేసే గురువుల కళాశాల ఆంధ్రలో, సముద్రం వైపు. నాలుగేళ్ళ చదువు. అంతకు ముందు అదంతా దొరల దేశం నుంచి వచ్చే సాయం మీద నడిచేది. మనకు స్వాతంత్ర్యం వచ్చాక ఆ సాయం సన్నబడింది. ఏ సంఘం తన బిడ్డను పంపుతుందో ఆ సంఘమే వాడి తిండీ పుస్తకాలూ చూసుకోవాలన్నారు. మా వాళ్ళ దగ్గర రాగులున్నాయి, చింతపండు ఉంది, కోళ్ళున్నాయి. కనుక కోతపండుగనాడు మందిరానికి వచ్చే కానుకలు వేలం వేసి, అది నా చదువుకు పంపాలని నిర్ణయించారు.

పంతులు గొంతు పిల్లలకు ఎక్కాలు చెప్పడానికి చాలుతుంది కాని వేలానికి చాలదు. ఎవరో పోయి పక్క కాఫీ హోటల్లో ఉన్న తువ్వాలాయనను పిలుచుకొచ్చారు. ఆయన కాఫీ సాసరు చేతిలో పట్టుకునే వచ్చాడు. గేటు దాటి లోపలికి రాలేదు. కానుగ చెట్టు నీడన నిలబడి, "మీ దేవునికీ నాకూ వ్యవహారం లేదు. సరుకు ఈడికి తెండి" అన్నాడు.

మొదట మా అవ్వ తెచ్చిన కోడిపుంజు. కలుపు తీసి బతికే ముసలామె, సంఘమంతటికీ అవ్వ. పుంజును చంకలోంచి దించడానికి ఆమెకు మనసు రాలేదు. పాట మొదలైంది. చాకవేలు దగ్గర మూడు బావుల కింద సేద్యం చేసే పెద్ద రైతు ఒకాయన మా సంఘంలో ఉన్నాడు. మూడుబావులాయన అనేవాళ్ళం. మాలో పెద్ద కమతం ఆయనదొక్కటే. ఆయన పాట మీద పాట పెంచి పుంజును గెలుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అవ్వ కూడా కొట్టింది. ఆ చప్పట్లు తన పుంజు కోసమని అనుకుంది పాపం.

తరువాత రాళ్ళు కొట్టుకుని బతికే ఒకాయన చేటెడు రాగులు తెచ్చి పెట్టాడు. తువ్వాలాయన పాట పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. రాళ్ళు కొట్టే ఆయన తల వంచుకుని తన కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాడు.

తువ్వాలాయన సాసరు గోడ మీద పెట్టేశాడు.

"ఈ వేలం నేను చెయ్యనప్పా" అన్నాడు. "సంతలో తువ్వాలు ఏంటికి కప్పుతామో తెలుసునా మీకు? బక్కెద్దును తోలుకొచ్చినోని మొగం నిలబడల్ల అని. ఎంతకు పోయెనో వానికీ నాకూ తెల్సు, ఊరికి తెల్దు. వాడు తలెత్తుకొని ఇంటికి పోతాడు. ఈడ మీరు దేవుని పేరు చెప్పి మనిషి తల దించుతాండారు."

కానుకలన్నీ ఒకే కుప్పగా కలిపి పెట్టించాడు. తువ్వాలు విదిలించి చేతి మీద కప్పుకున్నాడు.

"ఈ యేడు మీ పిల్లోని చదువుకు ఎంతిస్తారో నా చేతికి చెప్పండి, నోటికి చెప్పొద్దండి. సేర్ల లెక్కన చెప్పండి. రాగులైనా సరే, చెనిక్కాయలైనా సరే. కోతలైనాక సంతనాడు నా తావుకు తెచ్చి పడేయండి. అమ్మి ఆ ఇస్కూలుకు పంపేది నా పని. ఇంగోటి. ఏమీ ఇయ్యలేనోళ్ళు ఉంటారు కదా, వాండ్లూ రావల్ల. వచ్చి చెయ్యి పెట్టి ఊరికే ఉండండి. నేను తల ఊపుతా. అందరికీ ఒగే మాదిరి ఊపుతా."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఒక్కొక్కరే గేటు దగ్గరికి పోయి తువ్వాలు కింద చెయ్యి పెట్టారు. ఆడవాళ్ళు మొదట సిగ్గుపడ్డారు. "నేనేం గాజులు తొడిగిచ్చుకొనేకి వచ్చినానా అమ్మా, రాండి" అన్నాడు. నవ్వుకుంటూ వచ్చారు. ఆ తల ఊపడాన్ని నేను ఆ తరువాత ఏళ్ళలో పరీక్షగా చూశాను, ఏదన్నా తేడా దొరుకుతుందేమోనని. కనురెప్ప సగం దించి గడ్డం ఒక్కసారి కిందికి. అవ్వకూ అదే, మూడుబావులాయనకూ అదే. చివర అందరూ అయ్యాక తన ఎడమచేతిని తానే తువ్వాలు కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తన వేళ్ళు తానే పట్టుకుని, తనకు తానే తల ఊపుకున్నాడు. మొదటి ఏడు దానికి అందరూ పగలబడి నవ్వారు. రెండో ఏడు ఎవరూ నవ్వలేదు.

పంతులుకు మాత్రం నిద్ర పట్టలేదు. దేవుడి సొమ్ము పరాయివాడి చేతిలో, అదీ నోరే తెరవని వాడి చేతిలో పెట్టామే అని ఒకటే బాధ. ఆ సంగతి తువ్వాలాయన చెవిన పడింది.

"మేష్ట్రూ, సంతనాడు వచ్చి నా పక్కన కూచో. మూటలు చూసుకో. ఎన్ని ఉండాయో చూడు, యెవురివో చూడొద్దు" అన్నాడు.

పంతులు పోయి పొద్దస్తమానం కూర్చున్నాడు. అమ్మకానికొచ్చే మూటలూ మావీ ఒకే చోట దిగుతున్నాయి. ఒకడు తెచ్చి ఇద్దరివని పెడతాడు, ఇంకొకడు ఏమీ అనకుండా పడేసి పోతాడు. ఆయన గడ్డంతో ఇది అటు, అది ఇటు అంటున్నాడు. సాయంత్రానికి పంతులుకు కళ్ళు తిరిగి, గోలీసోడా తాగి ఇంటికొచ్చి పెద్దలందరికీ చెప్పాడు: "నాకేమీ అర్థం కాలేదు. అయినా అంతా సరిగానే ఉండాది." ఆ పూట నుంచి ఎవరూ తనిఖీకి పోలేదు.

సెలవులకు నేను వచ్చినప్పుడల్లా చింతామణి బస్టాండులో ఆయన దొరికేవాడు. దిగీ దిగగానే నా దవడ పట్టుకుని, "నోరు తెరువు సామీ, పండ్లు చూడనీ" అనేవాడు. ఎద్దు వయసు చూసినట్టు చూసేవాడు, అంతమందిలో. "మావోళ్ళ రాగులు యాడికి పోతాండాయో చూసుకోవల్ల కదా" అని అందరికీ వినిపించేలా చెప్పేవాడు. తరువాత కాఫీ ఇప్పించి, "ఈ తూరి ఏం నేర్పినారు?" అని అడిగేవాడు. గ్రీకు నేర్పారంటే, "అది ఈడ యెవురితో మాట్లాడతావు?" అన్నాడు.

ఒకసారి మా లూథరన్లకు అన్నిటికంటే ముఖ్యమైన బోధ ఆయనకు చెప్పాలని కూర్చున్నాను. కొత్తగా నేర్చుకున్న ఊపు. దేవుని కృప ఉచితమనీ, మనం చేసిన మంచికి కూలిగా ఇచ్చేది కాదనీ, దాన్ని కొనలేమనీ, చెయ్యి చాచి తీసుకోవడమేననీ చెప్పాను. ఆయన సాసరు పెదవుల దాకా తీసుకుపోయి ఆపేశాడు.

"బేరమే లేదా?"

"లేదు."

"అట్లయితే దళ్ళాళి పనే లేదు."

"లేదు."

సాసరు బల్ల మీద దించాడు. "శానా పెద్ద ఆసామి అయ్యుండల్ల" అన్నాడు గౌరవంగా. మళ్ళీ ఏదో తట్టింది. "మరి తీసుకొన్నోనికి, ఇచ్చినాయన యెవురో తెలుసునా?"

"తెలుసు. అందుకే కదా ఆయనను స్తుతించేది."

"ఆడ రొంత చెడినాది" అన్నాడు, నిజంగా బాధపడుతూ. "నా తువ్వాలు కింద అది కుదరదు." ఆ మాట తీసుకుపోయి మా వేదాంతం ప్రొఫెసరు గారికి చెప్పాను, నవ్వుతాడని. ఆయన నవ్వలేదు.

నా ఆఖరి ఏడాదికి ముందు వానలు ఎగ్గొట్టాయి. రాగి పైరు మోకాలెత్తు కూడా రాకుండా ఎండిపోయింది. మల్బరీ ఆకు లేక పట్టుపురుగులను దిబ్బల్లో పారపోశారు. సెలవులకు పంపేటప్పుడే కళాశాల పెద్ద నన్ను పిలిచి, మీ సంఘం భాగం ఈసారి అందకపోతే నీ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు, తరువాత సంగతి తరువాత చూద్దాం అన్నాడు. తరువాత అనేది ఉండదని నాకు తెలుసు. నాన్న పోయి రెండేళ్ళయింది. అమ్మ ఒక్కతే పట్టు తీసే చోట వేడినీళ్ళలో చేతులు పెట్టి పని చేస్తోంది. ఒకసారి ఇంట్లో ఆగిపోతే నేనూ ఆ నీళ్ళ పక్కనే కూర్చుంటాను. మూడేళ్ళు అందరూ పెట్టిన రాగులు బూడిదలో పోసినట్టే.

అప్పుడు మూడుబావులాయన ముందుకు వచ్చాడు. ఆయన బావులు ఎండలేదు. పెద్దలను పిలిచి చెప్పాడు: ఆఖరి ఏడాది ఖర్చంతా తానే పెట్టుకుంటాడు, ఎవరూ ఒక్క గింజ ఇవ్వక్కర్లేదు. కాని ఈ దాపరికం బేరాలు వద్దు. తాను ఇచ్చినట్టు మందిరంలో అందరి ముందు చదవాలి. చదువై వచ్చాక పిల్లవాడు తన ఊళ్ళో, తాను కట్టించే ఇంట్లో ఉండాలి. ఆదివారం మొదటి ఆరాధన తన బావి దగ్గర జరగాలి, తరువాతే మిగతా ఊళ్ళు. ఆయన చెడ్డవాడేం కాదు. పెట్టిన చేతికి పేరుండాలనుకునే మనిషి, అంతే. అట్లాంటివాళ్ళు లేకపోతే సగం మందిరాలకు కప్పు ఉండదు.

ఇంట్లో అమ్మ నా మీద విరుచుకుపడింది. "ఇస్తానంటాండాడు కదా, ఇంగా ఏం ఆలోచన నీకి?"

"ఆయన ఇంట్లో ఆయన పాస్టరునై ఉండల్ల మా. అవ్వ పిలిస్తే ఆయన్ని అడిగి పోవల్ల."

"అవ్వ పిలిచేకి నువ్వు ముందర పాస్టరువి కావల్ల కదరా" అంది. నిజం చెప్పాలంటే ఒప్పుకోవాలనే ఉంది నాకు కూడా. చదువు మీద అంత ఆశ.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం బయటికొచ్చాం. పెద్దలు దాదాపు ఒప్పుకున్నట్టే. గేటు దగ్గర తువ్వాలాయన నిలబడి ఉన్నాడు. సంగతంతా ఆయనకు తెలుసు. మూడుబావులాయన మెట్ల మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"రొంత ఉండప్పా" అన్నాడు తువ్వాలాయన. "సంఘం మీది, ఇష్టం మీది. నేను అడ్డం రాను. కానీ బేరం నా చేతిలో పెట్టినారు, నడిమద్దెలో తుంచుకొని పోతే నాకు మర్యాద కాదు. వచ్చి చెయ్యి ఇయ్యి. ఆ పైన నీ నోటితో ఏం చెప్పుకొంటావో చెప్పుకో."

"నాకు దాపరికమేంటికి? ఇచ్చేది అందరి ముందరా ఇస్తా."

"ఇద్దువు. అందరూ చెయ్యి పెడతారు కదా, నువ్వూ పెట్టు. అవ్వ పెడతాది. నువ్వు అవ్వ కన్నా పెద్దోనివా?"

జనం నవ్వారు. మూడుబావులాయనకు దిగిరాక తప్పలేదు. తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. ఎప్పుడూ క్షణంలో అయిపోయే పని ఆ రోజు ఎంతసేపైనా అవలేదు. తువ్వాలు కదులుతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటున్నారు. మూడుబావులాయన నుదుటి మీద చెమట పట్టింది. ఒకసారి చెయ్యి లాక్కోబోయినట్టు కనిపించింది, లాక్కోలేదు. ఆ ఎర్రంచు గుడ్డ కింద నా బతుకంతా ఉంది, నాకు మాత్రం కనపడటం లేదు.

చివరికి తువ్వాలాయన కనురెప్ప సగం దించి గడ్డం ఒక్కసారి కిందికి ఊపాడు. ఎప్పటి మాదిరే. మూడుబావులాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు కాని మళ్ళీ మెట్లెక్కలేదు. తన పేరూ చెప్పుకోలేదు. పోయి గోడ వారన నిలబడ్డాడు.

ఇక మిగతావాళ్ళు. ఆ ఏడు వాళ్ళ దగ్గర ఏముంది? అయినా ఒక్కరూ మానలేదు. రాళ్ళు కొట్టే ఆయన వచ్చాడు. అవ్వ వచ్చింది. చేతిలో బొబ్బలతో మా అమ్మ వచ్చింది. పంతులు వచ్చాడు. అందరికీ అదే తల ఊపు. చివర తువ్వాలాయన తన ఎడమచేతితో తన బేరం తాను చేసుకుని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"చాలు. పిల్లోడు పోతాడు" అన్నాడు. అంతే, కాఫీ హోటలు వైపు నడిచాడు.

నేను పోయాను. ఖర్చు అంతా అందింది. గడువు ముందరే అందింది. ఆ కరువులో అన్ని గింజలు ఎక్కడి నుంచి వచ్చాయో సంఘంలో ఎవరికీ అంతుచిక్కలేదు. మూడుబావులాయనే అంతా ఇచ్చి నోరు మూసుకున్నాడని కొందరు, పేరు చదవరని తెలిసి ఆయన ఒక్క వేలు కూడా పట్టలేదని, తువ్వాలాయన ఎద్దొకటి అమ్మి సరిపెట్టాడని కొందరు. ఎవరి కథ వాళ్ళది. మూడుబావులాయన మటుకు ఆ తరువాత మందిరానికి రావడం బాగా తగ్గించాడని అమ్మ చెప్పింది.

గురుపట్టం తీసుకుని, అడిగి మరీ సొంత సంఘానికే వేయించుకుని వచ్చాను. బస్సు దిగగానే నేరుగా సంతకు పోయాను. ఆయన ఒక గిత్త పళ్ళు చూస్తున్నాడు. నా తెల్ల అంగీ చూసి గిత్తను వదిలేశాడు. ఈసారి నా దవడ పట్టుకోలేదు. రెండు చేతులూ జోడించాడు. నాకు అది ఎంత ఇబ్బందిగా ఉందో చెప్పలేను.

"రేపటి నుంచి ఇండ్లకు పోవల్ల నాయినా" అన్నాను. ఆయనను ఎప్పుడు నాయినా అనడం మొదలుపెట్టానో నాకే తెలియదు. "ఒగ పేరు చెప్పు. ఆ కరువులో నన్ను పంపిందెవురో చెప్పు. అందరి కన్నా ముందర వాళ్ళింటికి పోయి దండం పెట్టుకొని వస్తా."

"అందుకే చెప్పను" అన్నాడు.

"ఏంటికి?"

"పేరు తెలిస్తే వాళ్ళింటికి ముందర పోతావు. తెలీకపోతే అందరిండ్లకూ పోతావు." గిత్త వైపు తిరిగిపోయాడు. "ఈ బేరంలో నాకు కావలసింది అదే సామీ. పో, పని చూసుకో."

సైకిలు మీద ఊరి కొస నుంచి మొదలుపెట్టాను, ఇల్లు వరసన. అవ్వ గుడిసెలో రాగి అంబలి తాగాను. రాళ్ళు కొట్టే ఆయన ఇంట్లో చాప కూడా లేకపోతే రాయి మీద కూర్చున్నాను. ఎవరి మొహం చూసినా వీళ్ళేనేమో అనిపించేది. ఎవరి ముందు నిలబడినా చేతులు వాటంతటవే జోడయ్యేవి. ఎవరినీ తేలిగ్గా పలకరించలేకపోయాను. ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. కళాశాలలో నాలుగేళ్ళు నేర్పిన దానికంటే అదే ఎక్కువ పనికొచ్చింది నాకు.

చాకవేలు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మూడుబావులాయన ఇంటి అరుగు మీద నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కిందికి దిగాడు, మళ్ళీ ఆగిపోయాడు. బాగా చిక్కిపోయాడు.

"నా ఇంటికి రావనుకొన్న్యా" అన్నాడు.

"ఏంటికి రాను?"

"ఆయన నీకు చెప్పుంటాడని."

"ఏమీ చెప్పలేదప్పా. ఎన్ని తూర్లు అడిగినా చెప్పలేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు, అబద్ధమేమోనని. తరువాత తొట్టిలో చెంబు ముంచి తెచ్చాడు. నేను చెయ్యి చాచాను. చెంబు నా చేతికి ఇవ్వలేదు. ఎవరి ముందూ నడుం వంచని ఆ మనిషి తానే వంగి నా కాళ్ళ మీద నీళ్ళు పోశాడు. ఆ రోజు తువ్వాలు కింద ఆయన వేళ్ళు పట్టాడో, ఊరికే ఉన్నాడో నాకు తెలియదు. లోపలికి పోయి ఆయన పక్కన కూర్చుని కడుపునిండా తిన్నాను.